హైవేకి ఎంత బండి కావాలి?

సావనీరు సంపాదకవర్గం వారు “మాస్టారూ, ఈసారి మీరు కూడా ఏదైనా రాయాలి” అన్నప్పుడు, ఈ రిటైరైన ఫిజిక్స్ మాస్టారు విద్యావిధానం గురించో, క్రమశిక్షణ గురించో రాస్తాడని అనుకొని ఉంటారు. నేను మోటారు సైకిలు గురించి రాస్తున్నాను. దానికో కారణం ఉంది.

కిందటేడు మన కాలేజీ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. సెలవులకు విశాఖపట్నం నుంచి ఏలూరు దగ్గర వాళ్ల ఊరికి బండి మీదే వెళ్లిరావాలని అతని కోరిక. “మాస్టారూ, 200 సి.సి. తీసుకోమంటారా, 650 తీసుకోమంటారా?” అని అడిగాడు. నేను ఆట్టే ఆలోచించకుండా “హైవేకైతే పెద్దదే మంచిదోయ్, నిలకడగా ఉంటుంది” అనేశాను. పాఠాలు చెప్పినవాడి మాట గదా, నమ్మాడు. వాళ్ల నాన్న అప్పు చేసి కొనిపెట్టాడు.

మూడో నెలలో, తుని దాటాక ఒక డివైడరు గ్యాపు దగ్గర బండి తిప్పుకోబోయాడు. ఇసుకలో కాలు జారింది. 200 కిలోల పైచిలుకు బరువు ఆ కాలి మీదే పడింది. అప్పుడు బండి వేగం మనిషి నడకంత! కాలు రెండు చోట్ల విరిగింది. పరీక్షలు పోయాయి, ఏడాది పోయింది. ఆస్పత్రికి చూడ్డానికి వెళితే వాళ్ల నాన్న నన్ను పల్లెత్తు మాట అనలేదు. అనకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆనాడు చెప్పవలసిన జవాబు ఈనాడు రాస్తున్నాను.

మేం చదువుకునే రోజుల్లో ఎంపిక అనే బాధ పెద్దగా లేదు. రాజ్‌దూత్ 175, యెజ్డీ 250, బుల్లెట్ 350 – మా కంటికి కనిపించినవి ప్రధానంగా ఇవే. 1983 వేసవిలో నేనూ నా రూమ్మేటూ వాళ్ల అన్నయ్య యెజ్డీ అడిగి తీసుకుని రాజమండ్రి వెళ్లాం. దాదాపు 190 కిలోమీటర్లు. బంకులో పెట్రోలుతో పాటు ఆయిలు కలిపించుకుని, పొగ వదులుకుంటూ అయిదు గంటలు నడిపాం. అప్పటి 5వ నెంబరు జాతీయ రహదారి ఒకే రోడ్డు. ఎదురుగా లారీ వస్తే మనమే మట్టిలోకి దిగాలి. అరవై దాటినవాడు వీరుడి కింద లెక్క. ఇప్పుడదే రోడ్డు 16వ నెంబరు, మధ్యలో డివైడరు, వెళ్లడానికీ రావడానికీ వేరువేరు వరసలు. రోడ్డు మారింది గనుక బండి కూడా మారాలంటే ఒప్పుకుంటాను. ఎంత మారాలన్నదే ప్రశ్న.

లెక్క చూద్దాం. డివైడరున్న నాలుగు వరసల రోడ్డు మీద మోటారు సైకిలుకు గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లని కేంద్రప్రభుత్వం 2018లో నిర్ణయించింది. చదును రోడ్డు మీద ఒక మనిషిని ఆ వేగంతో తీసుకుపోవడానికి కావలసింది ఎనిమిది హార్స్ పవర్ చుట్టుపక్కల మాత్రమే. లారీని దాటడానికీ, ఎత్తు ఎక్కడానికీ దానికి రెట్టింపు చేతిలో ఉంటే చాలు. 650 సి.సి. బండిలో నలభైకి పైమాటే. మిగతా శక్తి ఎందుకు? చట్టం ఒప్పుకోని వేగానికి! వేగం 80 నుంచి 120కి పెరిగితే గాలిని తోసుకుపోవడానికి కావలసిన శక్తి మూడు రెట్లు దాటుతుంది, బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం రెండుంపావు రెట్లవుతుంది. మన హైవే మీద గేదె అడ్డం వచ్చినా, లైటు లేని ట్రాక్టరు రాంగ్ రూట్లో ఎదురొచ్చినా ఆ దూరం మనకెవరిస్తారు?

అలాగని 100 సి.సి. బండి చాలునని నేననను. 80 మీద అది మొత్తం ఊపిరి ఖర్చుపెట్టి అరుస్తుంటుంది. చేతులు తిమ్మిరెక్కుతాయి. లారీని దాటబోతే సగంలో బలం చాలదు. పక్కనుంచి బస్సు పోతే ఆ గాలికే బండి పక్కకి జరుగుతుంది. పెద్ద బండి నిలకడ అనే మాటలో నిజం ఉంది. కాని ఆ నిలకడ బండి కదులుతున్నప్పటిది. బంకులో, ఇసుకలో, ఊరి సందులో ఆగినప్పుడు ఆ బరువు మోయవలసినవి మన కాళ్లే.

అందుచేత నా అభిప్రాయం ఇది. ఒక్కడే వెళ్లేవాడికి 150 నుంచి 250 సి.సి., వెనక మనిషీ సామానూ ఉంటే 350 – మన రోడ్లకు ఇంతకు మించి అవసరం లేదు. సి.సి. కంటే ముందు చూడవలసినవి వేరే ఉన్నాయి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. ఇంజను ఆపి, దిగి, కాస్త ఎత్తుకు వెనక్కి తోస్తే కదలాలి. పడిపోతే ఇంకొకరిని పిలవకుండా లేపగలగాలి. ఎ.బి.ఎస్. బ్రేకులుండాలి. వాయిదాలు పోను హెల్మెట్టుకూ, జాకెట్టుకూ, బూట్లకూ, టైర్లకూ డబ్బు మిగలాలి. వీటిలో ఒక్కటి తప్పినా ఆ బండి మనకు పెద్దదే. మంచం ఉన్నంతవరకే కాళ్లు చాపుకోమన్నారు పెద్దలు.

అయిదారేళ్లు నడిపి చెయ్యి తిరిగినవాడు, సొంత సంపాదన ఉన్నవాడు పెద్ద బండి కొనుక్కుంటే నాకేం అభ్యంతరం లేదు. నా బాధంతా లైసెన్సు తడి ఆరకముందే నాన్న అప్పుతో 650 ఎక్కే కుర్రాళ్ల గురించి, వాళ్లకు సలహాలిచ్చే నాలాంటి పెద్దల గురించి.

ఆ అబ్బాయి ఈమధ్య మళ్లీ వచ్చాడు. కొంచెం కుంటుతున్నాడు. బండి అమ్మేశారు గాని అప్పు ఇంకా తీరలేదట. “మాస్టారూ, ఉద్యోగం వచ్చాక ఏ బండి కొనమంటారు?” అన్నాడు నవ్వుతూ. ఈసారి నేను తొందరపడలేదు. “ముందు షాపుకెళ్లి, దాన్ని వెనక్కి తోసి చూసి రా. అప్పుడు మాట్లాడుకుందాం” అన్నాను.