అది ఉర్దూ పత్రిక కదండీ!

మొన్న ఒక సభలో ఒక పెద్దమనిషి తెలంగాణా పత్రికల చరిత్ర చెప్పారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు పెట్టిన గోలకొండ పత్రికను వేనోళ్ళ పొగిడారు. సంతోషమే. 'ఇమ్రోజ్' ఊసు మాత్రం ఎత్తలేదు. అడిగితే, "అది ఉర్దూ పత్రిక కదండీ!" అన్నారు.

ఇదేం లెక్క? నాది షాద్‌నగర్. మా ఊరి పేరే ఒక ఉర్దూ కవి కలంపేరు. 'షాద్' అని రాసుకున్న ఆ మహారాజా కిషన్ పర్షాద్ హిందువు, నిజాం ప్రధాని. (ఆయన జాగీర్దారీ దర్జాను మెచ్చుకోవడం లేదు లెండి, పేరు సంగతి చెబుతున్నాను.)

షోయబుల్లాఖాన్ పనిచేసిన 'రయ్యత్' నోరు సర్కారు నొక్కేస్తే, 1947లో ఆయన 'ఇమ్రోజ్' దినపత్రిక పెట్టాడు. రజాకార్లను ఖండించాడు. సంస్థానం ఇండియన్ యూనియన్‌లో చేరాలని రాశాడు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి పోతుంటే కాచిగూడలో కాల్చారు, రాసే చెయ్యి నరికారు. అప్పటికి ముప్పయ్యేళ్ళయినా నిండలేదు. ఈ మాటలే తెలుగులో రాస్తే రజాకార్లు అంత బెదిరేవారా? ఉర్దూ చదివే ముసల్మాను వింటాడన్నదే వాళ్ళ భయం.

ఆనాటి పోరాటాన్ని హిందూ ముస్లిం తగాదాగా తిప్పి చెప్పేవాళ్ళకు 'ఇమ్రోజ్' గిట్టదు. మనమూ దాన్ని లెక్కలోంచి కొట్టేస్తే వాళ్ళ పని సులువు చేసినట్టు కాదా?

పెద్దమనిషిగారు ఆ ఉపన్యాసాన్ని అచ్చు వేయిస్తారట. ఒక్క అధ్యాయం చేర్చమనండి. ఉర్దూ రాకపోతే, చదివి చెప్పేవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు.