ఇంటి పోరు, పొరుగింటి తీర్పరి

ఉస్మాన్‌గంజు నుండి కాలినడకను పోదగిన దూరమున రెండు కట్టడములు గలవు. ఒకటి రేమండ్ అను పరాసువాని ఫిరంగుల కార్ఖానా. రెండవది కోఠీలోని ఆంగ్లేయ రెసిడెన్సీ. కొలువునకు వచ్చినవాని గురుతొకటి, కొలువునే లోబరచుకొన్నవాని గురుతొకటి. తెల్లవారు మోసము చేసిరని యొక్క వాక్యము వ్రాసి మన చరిత్రకారులు కొందరు చేతులు దులుపుకొందురు. మోసము నిజమే. తలుపు తీసినదెవరని మేమడుగుచున్నాము.

1748లో మొదటి ఆసఫ్‌జా కన్నుమూసెను. కుమారుడు నాసిర్ జంగు, మనుమడు ముజఫర్ జంగు గద్దెకై కత్తులు దూసిరి. మనుమడు పుదుచ్చేరిలోని డూప్లే నాశ్రయించెను. కుమారుని పక్షమున ఆంగ్లేయులు నిలిచిరి. 1750 డిసెంబరులో నాసిర్ జంగు తన పక్షమునందలి పఠాను నవాబుల ద్రోహమున హతుడయ్యెను. రెండు నెలలు గడవకమునుపే రాయచోటి దాపున ఆ నవాబులతోడి పోరులోనే ముజఫర్ జంగు కూలెను. అప్పుడు బుస్సీ దండులోనే సలాబత్ జంగును నవాబును చేసెను. దక్కను సుబేదారుని నియమించువాడు ఒక పరాసు సేనానియా! ఆ మేలునకు బదులు 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులు పరాసుల సేనాజీతము క్రింద పోయినవి. ఆ ఫిరంగులే 1757లో బొబ్బిలి కోటను కూల్చినవి.

స్కాట్లండు దేశమున నిట్టిదే జరిగెను. 1290లో వారసురాలగు బాలిక మరణింపగా, హక్కుదారులు పదుముగ్గురు ఆంగ్లరాజగు ఎడ్వర్డును తీర్పరిగా నంగీకరించిరి. తీర్పు చెప్పుటకు ముందే అతడు తన యాధిపత్యమును వారిచే నొప్పించుకొనెను. 1292లో బేలియల్‌ను రాజును చేసి, 1296లో పదభ్రష్టుని చేసి, పట్టాభిషేక శిలనే యెత్తుకొనిపోయెను. కాని ఆ దేశమున బ్రూసు లేచి 1314లో బానక్‌బర్న్ కడ నెగ్గెను. ఆ హక్కుదారులలో నొకని మనుమడే బ్రూసు!

మనకో? విజయనగరపు ఆనంద గజపతియే 1758లో ఆంగ్లేయులను పిలిచెను. తెలుగువారము మన తప్పును దాచరాదు. ఆ యేటనే చందుర్తి కడ పరాసులోడిరి. 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోట పడెను. పరాసులకు సాయపడ వచ్చిన సలాబత్ జంగు, తమ్ముడు నిజాం అలీ హైదరాబాదుపై కన్నువేసినాడను భయమున, గెలిచిన ఆంగ్లేయులతోనే సంధి చేసికొని మచిలీపట్టణమును ధారపోసెను. ఇంత చేసియు గద్దె నిలువలేదు. తమ్ముడే చెరబట్టగా 1763లో బీదరు కోటలో ప్రాణము విడిచెను.

అన్నను చెరబట్టిన నిజాం అలీ యేమి నిలిపెను? 1766లో సర్కారులను కంపెనీకి వ్రాసియిచ్చెను. 1798లో సైన్య సహకార సంధికి తల యొగ్గి పరాసు దండును నిరాయుధము చేయనిచ్చెను. 1800లో ఆంగ్లసేన ఖర్చునకై బళ్ళారి, కడప సీమలను విడిచెను. కాపలావానికి జీతము క్రింద ఇల్లే యిచ్చిన యజమానిని లోకమేమనును?

1956లో కలిసి 2014లో విడివడిన తెలుగు ప్రాంతములను గూర్చి, భాష యొకటే కదా, బుద్ధులేల వేరయ్యెనని యాశ్చర్యపడు పెద్దలు కలరు. వారీ సంధిపత్రములను చదివిరా? సర్కారు రైతు ఆంగ్లేయుల కచేరీకిని, తెలంగాణపు రైతు నిజాము దివాణమునకును రెండు వందల యేండ్లకు దగ్గరగా వేర్వేరుగా శిస్తు కట్టిరి. ఆ గీత గీచినది అన్నదమ్ముల పోరు. వారి చేతికి కలమందించినది పరదేశి. ఏ సంధికిని ఏ రైతు నడిగినవారు లేరు.

రెసిడెన్సీ భవనమున నేడు ఆడుబిడ్డల విశ్వవిద్యాలయము గలదు. అచటి చరిత్ర తరగతిలో 1748తో పాఠము మొదలుపెట్టుడని అధ్యాపకులను కోరుచున్నాము.