శుభం కార్డు పడ్డాక అమ్మ రాసిన ఉత్తరాలు

మన సినిమాల్లో చర్చి పెళ్ళి సీను వచ్చిందంటే చాలు, వెనకాల ఆర్గన్ మీద ఒక వరస మోగడం మామూలు. అలాంటి వరసల్లో ఒకటి జర్మనీ సంగీతకారుడు మెండెల్‌సన్ కట్టినది. 1842లో ఆయన దాన్ని ఒక నాటకం కోసం కట్టాడు. మరి నాటకం పాట పెళ్ళిపందిట్లోకి ఎలా వచ్చిందంటారా? 1858 జనవరి 25న లండన్‌లో జరిగిన ఓ పెళ్ళిలో మోగింది. ఇంకేం, ఆ తర్వాత ప్రతి పెళ్ళివారికీ అదే కావాల్సొచ్చింది!

ఆనాటి పెళ్ళికూతురు విక్టోరియా రాణి పెద్ద కూతురు. మన తాతముత్తాతల జేబుల్లో రూపాయి బిళ్ళ మీద బొమ్మై కూర్చున్న విక్టోరియా రాణే! కూతురి పేరూ విక్టోరియాయే. ఇంట్లో మాత్రం విక్కీ. వయసు 17. పెళ్ళికొడుకు ప్రష్యా రాజకుమారుడు ఫ్రెడరిక్. అంతకు మూడేళ్ళ ముందు, 1855లో, స్కాట్లండు కొండల్లో తెల్లటి అడవిపూల రెమ్మ ఒకటి కోసి ఆమె చేతికిచ్చి మనసు చెప్పాడు. సీనరీకి సీనరీ, ప్రేమకు ప్రేమ. మన డైరెక్టర్లయితే అక్కడో డ్యూయెట్ పెట్టేసేవారు.

సినిమాకైతే ఇక్కడ శుభం కార్డు పడిపోవాలి. ఈ వారం మన కథ మాత్రం ఇక్కణ్ణుంచే మొదలు.

పెళ్ళయిన ఎనిమిదో రోజున, ఫిబ్రవరి 2న, మంచు కురుస్తుండగా గ్రేవ్స్ఎండ్ రేవులో పిల్ల ఓడ ఎక్కింది. తండ్రి ఆల్బర్ట్ ఓడ దాకా వెళ్ళి సాగనంపాడు. తల్లి రాలేకపోయింది. రాజభవనంలోనే ఉండిపోయి ఏడ్చింది. ఏడ్చాక చేసిన పని ఏమిటంటే, కలం పట్టడం. పట్టిన కలం 43 ఏళ్ళపాటు దించలేదు! తల్లీకూతుళ్ళ ఉత్తరాలన్నీ కలిపితే ఏడువేల పైచిలుకు.

అంత పెద్ద మహారాణి కదా, ఏం రాసి ఉంటుందనుకుంటున్నారు? యుద్ధాలా? రాజ్యాంగాలా? అవీ ఉన్నాయి. కానీ ముందు ఇంటి సంగతులు! నీ గది ఎలా ఉంది, ఏ గౌను వేసుకున్నావు, కిటికీలు తెరిచి ఉంచుతున్నావా లేదా? రాణీగారికి వేడి గదులంటే గిట్టదు లెండి. ఇంట్లో అందరూ వణుకుతున్నా ఆవిడకు చల్లగాలి కావాల్సిందే. ఇక పెద్దకొడుకు బెర్టీ మీద చాడీలు. చదువు అబ్బడంలేదు, సోకులెక్కువయ్యాయి, అసలు చూడ్డానికి అంత బాగుండడు కూడానట! కన్నకొడుకు గురించే సుమా! పసిపిల్లల్ని చూసి ముద్దులొలికే రకమూ కాదు. అప్పుడే పుట్టిన పిల్లలు కప్పల్లా కనిపిస్తారని కూతురికి రాసింది. తొమ్మిదిమందిని కన్న తల్లి మాట ఇది.

నవ్వొస్తోంది కదూ? ఇప్పుడు కెమెరాను బెర్లిన్ వైపు తిప్పుదాం.

కొత్త కోడలికి విడిదిగా ఇచ్చింది పాత కోట. చీకటి, చలి, స్నానాల గది కూడా లేదు. వాళ్ళ గదుల మధ్యలోనే ఫ్రెడరిక్ తాతగారు చనిపోయిన గది. దాన్ని అలాగే భద్రంగా ఉంచేశారు. రాత్రిళ్ళు ఆ గది దాటుకుని పడగ్గదికి వెళ్ళాలి. దయ్యాల సినిమాకు వేరే సెట్టింగు అక్కర్లేదు! ఇక చుట్టూ ఉన్నవాళ్ళు ఆమెను ‘ఇంగ్లీషామె’ అనేవాళ్ళు. ఇక్కడ విలన్ పాత్రకు బిస్మార్క్ ఉండనే ఉన్నాడు. ప్రష్యాలో ఇంగ్లండు తరహా పార్లమెంటు రావాలని విక్కీ దంపతుల కోరిక. అది రానివ్వకూడదని ఆయన పట్టుదల.

అలాంటి చోట 17 ఏళ్ళ పిల్లకు కిటికీలు, గౌన్లు, తమ్ముడి సోకులు, ఇవే ఊపిరి. వార్త చిన్నదే. కానీ అది పుట్టింటినుంచి వచ్చింది కదా!

అలాగని అమ్మగారి ఉత్తరాలన్నీ అమృతమేమీ కాదు. అల్లుడింట్లో ఉన్న పిల్లను లండన్‌నుంచే నడిపించాలని చూసింది. ఇలా కూర్చో, అలా నిలబడు, ఇది తిను, అది తినకు. పెళ్ళయిన కొద్ది నెలలకే కూతురు తల్లి కాబోతున్నానని రాస్తే, ‘అయ్యో, అప్పుడేనా!’ అని విసుక్కుంది. కానుపు సమయానికి మాత్రం మంత్రసానిని, డాక్టర్ని లండన్‌నుంచి పంపించింది. 1859 జనవరి 27న మగపిల్లాడు పుట్టాడు. ఎదురుకాళ్ళ కానుపు. తల్లీ బిడ్డా బతికి బయటపడ్డారుగానీ పిల్లాడి ఎడమచెయ్యి దెబ్బతిన్నది. వాడే తర్వాత కైజర్ విల్‌హెల్మ్. 1914 యుద్ధం నాటి జర్మనీ చక్రవర్తి! అన్నట్టు, వాడు పుట్టేనాటికి వాడి చిన్న పిన్ని బియాట్రిస్‌కి ఇంకా రెండేళ్ళు కూడా నిండలేదు.

ఇంతలో ఇంటర్వెల్‌కు ముందు ఓ తమాషా సీను. ఆ సోకుల బెర్టీకి పిల్లను వెతకాలి. పెళ్ళిళ్ళ పేరయ్య ఎవరనుకున్నారు? అక్క విక్కీయే! ఐరోపాలోని రాచకన్యల వివరాలన్నీ అమ్మకు రాసింది. ఫోటోలు పంపింది. ఎవరూ నచ్చలేదు. చివరికి డెన్మార్కు పిల్ల అలెగ్జాండ్రా దగ్గర ఆగింది. 1861 సెప్టెంబరులో జర్మనీలోని స్పయర్ చర్చిలో, ‘అనుకోకుండా’ కలిసినట్టు పెళ్ళిచూపులు జరిపించారు. 1863లో పెళ్ళయిపోయింది. మరుసటి ఏడే ప్రష్యా, డెన్మార్కుల మధ్య యుద్ధం! తమ్ముడి భార్యది ఒక పక్షం, అక్క మొగుడిది మరో పక్షం. కన్నతల్లి ఎవరి పక్షం మాట్లాడాలి? అప్పటినుంచీ ఇంటి కబుర్లే రాజకీయాలయ్యాయి, రాజకీయాలే ఇంటి గొడవలయ్యాయి.

పెళ్ళిచూపులకూ పెళ్ళికీ మధ్యనే పిడుగు పడింది. 1861 డిసెంబరు 14న ఆల్బర్ట్ పోయాడు. రాణి బతికినన్నాళ్ళూ నల్లదుస్తులు విడవలేదు. ఉత్తరాలూ నల్ల అంచు కాగితాల మీదే. జూడీ డెంచ్ రెండు సినిమాల్లో, 1997లో ‘మిసెస్ బ్రౌన్’లోనూ, 2017లో ‘విక్టోరియా అండ్ అబ్దుల్’లోనూ వేసిన పాత్ర ఈ నల్లదుస్తుల విక్టోరియాదే. రెండోదాంట్లో అబ్దుల్‌గా మన అలీ ఫజల్ వేశాడు. ఆ సినిమాలు చూసి రాణి కష్టం తెలుసుకున్నాం. బెర్లిన్‌లో కూర్చున్న కూతురి కష్టం వాటిలో కనబడదు.

ఆ కష్టం చిన్నదా? ఇద్దరు కొడుకుల్ని పసితనంలో ఒకణ్ణి, చదువుకునే వయసులో ఒకణ్ణి పోగొట్టుకుంది. భర్త 1888 మార్చిలో చక్రవర్తి అయ్యాడు. అప్పటికే గొంతు క్యాన్సర్, మాట పోయింది. ఏలింది 99 రోజులు. తండ్రి కన్ను మూయగానే కొడుకు విల్‌హెల్మ్ భవనం చుట్టూ సైనికుల్ని దించి, తల్లి గదులన్నీ సోదా చేయించాడు. దేనికోసమో తెలుసా? కాగితాల కోసం! అమ్మ, అమ్మమ్మకు ఏం రాసిందో, ఏం దాచిందోనన్న భయం. తీరా చూస్తే ముఖ్యమైన కాగితాలు అంతకు ముందు ఏడే ఇంగ్లండు చేరిపోయాయి.

ఇక క్లైమాక్స్. 1901 జనవరి 22న తల్లి విక్టోరియా పోయింది. క్యాన్సర్‌తో మంచం పట్టిన విక్కీ కడసారి చూపుకైనా వెళ్ళలేకపోయింది. మరుసటి నెల, ఇప్పుడు రాజైన ఆ బెర్టీయే అక్కను చూడ్డానికి జర్మనీ వచ్చాడు. వెంట వచ్చిన కార్యదర్శి పాన్సన్‌బీని విక్కీ రహస్యంగా పిలిపించింది. తను అమ్మకు రాసిన ఉత్తరాలు ఇంగ్లండు తీసుకుపోవాలనీ, కొడుక్కి తెలియకూడదనీ చెప్పింది. కైజర్ అదే కోటలో ఉన్నాడు! అర్ధరాత్రి దాటాక పాన్సన్‌బీ గదిలోకి పెట్టెలు రెండు వచ్చాయి. చిన్న కట్టలు కాదు, మోయలేనంత పెద్దవి. ఆయన ఏం చేశాడంటే, ఒకదానిమీద ‘పుస్తకాలు, జాగ్రత్త’ అనీ రెండోదానిమీద ‘పింగాణీ, జాగ్రత్త’ అనీ రాసి సామాన్లలో కలిపేశాడు. వాటిని మోసుకెళ్ళి బండి ఎక్కించింది ఎవరు? కైజరుగారి సైనికులే!

ఆగస్టు 5న విక్కీ కన్నుమూసింది. పాన్సన్‌బీ ఆ ఉత్తరాల్ని 1928లో అచ్చువేస్తే, గద్దె దిగిన విల్‌హెల్మ్ ఆపించాలని చూశాడు. కుదరక, జర్మన్ ముద్రణకు తనే ముందుమాట రాసుకున్నాడు.

మరి అమ్మ రాసినవో? జర్మనీలోనే ఉండిపోయాయి. 1945లో యుద్ధం ముగిశాక ఆరవ జార్జి రాజు వాటిని భద్రం చేయమని ఇద్దర్ని పంపాడు. ఒకరు రాజుగారి గ్రంథపాలకుడు. రెండో ఆయన ఆంథొనీ బ్లంట్, సోవియట్ గూఢచారి అని 1979లో లోకానికి తెలిసిన మనిషి! ఇలాంటి ట్విస్టు కథారచయిత రాస్తే నిర్మాత నమ్మడు.

కిటికీలు తెరిచావా, కొత్త గౌను కుట్టించావా? ఇంత చిన్న మాటల కోసం సైనికులు, సోదాలు, గూఢచారులు! ఎందుకంటే ఆ మాటల మధ్యలోనే తల్లి తిట్టింది, కూతురు ఏడ్చింది, ఇద్దరూ ఎవరికీ చెప్పుకోలేనివి చెప్పుకున్నారు.

హాస్టల్లో ఉన్న చెల్లెమ్మలూ, దేశాలు దాటిన తమ్ముళ్ళూ! రేపు ఆట మొదలయ్యే వేళకు అమ్మ ఫోన్ చేస్తుంది. పక్కింటి వాళ్ళమ్మాయి పెళ్ళి కుదిరిందనో, ఈసారి ఆవకాయ బాగా కుదరలేదనో చెబుతుంది. ‘సినిమా మొదలైంది, తర్వాత చేస్తాలే’ అంటారు. ఫరవాలేదు, అనండి. కానీ ఇంటర్వెల్లో మాత్రం మర్చిపోకుండా మీరే చెయ్యండి. ఆవకాయ ఎందుకు కుదరలేదో అడగండి.