అడవి ప్రయాణము – శుభ్రత

కార్తికమాసము వచ్చినతోడనే గోదావరి సీమలో వనభోజనముల సందడి మొదలగును. ఒకప్పుడు ఊరివెలుపలి ఉసిరిచెట్టు నీడతో ముగిసెడి యీ వేడుక ఇప్పుడు రాజమహేంద్రవరము నుండి గోకవరము, రంపచోడవరముల మీదుగా మారేడుమిల్లి అడవుల దాక సాగినది. వీపున సంచి తగిలించుకొని, కొండదారుల నడచి, గుడారములలో బసచేసి వచ్చెడి సోదరీమణులును నేడు ఉన్నారు. ఇది సంతోషింపదగిన విషయమే. కాని యింట అలవడిన శుభ్రతాపద్ధతులన్నియు అడవిలో పనికిరావు. ఇంట సువాసన శుభ్రతకు గుఱుతు. అడవిలో వాసన లేకుండుటయే శుభ్రత.

పాపికొండల అడవిని 2008లో జాతీయోద్యానముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. ఈ మన్యమున ఎలుగుబంట్లు, అడవిపందులు, చిఱుతలు, కోతులు గలవు. ఎలుగుబంటికి చూపు తక్కువ, వాసన పట్టుశక్తి మిక్కుటము. చెదలు, తేనె, ఇప్పపూలు, పండ్లు దాని యాహారము. అది సాధారణముగా మనుష్యులను వెదకికొని రాదు. దగ్గఱలో హఠాత్తుగా ఎదురుపడినపుడు బెదరి మీదపడును. కావున స్నానమునకుగాని, కాలకృత్యములకుగాని మసకచీకటిలో ఒంటరిగా పోరాదు. ఇద్దఱు కలిసి, మాటలాడుకొనుచు పోవలెను.

స్నానమునకు వాగులో దిగి సబ్బు రుద్దుకొనుట తగదు. సబ్బు నీటిలోని చేపల మొప్పలకు హాని చేయును. “కుంకుడుకాయ చెట్టున కాచినదే గదా, దానివలన దోషమేమి?” అని కొందఱు అడుగవచ్చును. కుంకుడు నురుగులో నున్న పదార్థము చేపలకు విషము. ఇంక సున్నిపిండి యన్ననో, అది పెసలతోను సెనగలతోను చేసినది. మనకు నలుగు, చీమలకును పందులకును ఆహారము. ఈ రెంటిని ఇంటనే యుంచుట మేలు.

మఱి స్నానమెట్లు? చెంబెడు నీళ్లు ముంచుకొని వాగునకు 200 అడుగుల దూరము, అనగా సుమారు 80 అంగలు, పోవలెను. మెత్తని తుండుగుడ్డ తడిపి ముఖము, మెడ, చంకలు, గజ్జలు, పాదములు, కాలివ్రేళ్ల సందులు తుడుచుకొని, పొడిబట్టతో తడి లేకుండ ఒత్తుకొనవలెను. చెమట నిలిచి ఒరసికొనిన చోటనే పుండ్లును తామరయు పుట్టును. అందుచేత తడి ఆర్చుట ముఖ్యము. సబ్బు తప్పనిచో వాసన లేనిది కొంచెము వాడి, ఆ నీటిని మట్టిమీద చల్లవలెను. మట్టిలోని సూక్ష్మజీవులు దానిని క్రమముగా విఱుగగొట్టును. కాలకృత్యములకును అంతే దూరము పోయి, 6 మొదలు 8 అంగుళముల లోతు గొయ్యి త్రవ్వి పూడ్చవలెను. పిమ్మట చేతులు తప్పక కడుగవలెను.

వంటచేసిన చీరతో పరుండవద్దు. ఆ చీరయందు తాలింపు వాసన నిలిచియుండును. పడకకు వేఱు బట్టలు కట్టుకొని, వంటబట్టలను, తినుబండారములను, పళ్లపొడిని, తలనూనెను, సెంటుసీసాను గట్టిమూత గల స్టీలుడబ్బాలోనో సంచిలోనో పెట్టి గుడారమునకు దూరముగ నుంచవలెను. పులిహోర మెతుకులు రాలినచోటికి ఎలుకలు వచ్చును. ఎలుకల వెంట పాములు వచ్చును. మిగిలిన యన్నమును పాతిపెట్టినను పందులు త్రవ్వితీయును. తెచ్చినదానిని తిరిగి మోసికొనిపోవుటయే మార్గము. ఘాటైన సెంటు, పొగ తేనెటీగలను రెచ్చగొట్టవచ్చును.

బహిష్టు దినములలో అడవికి పోయినచో ఎలుగులు వెంటాడునను భయము కొందఱికి గలదు. ఈ భయము మన దేశముననే కాదు, అమెరికాలోను ఉండెను. 1967 ఆగస్టులో అచటి గ్లేషియర్ జాతీయోద్యానమున ఒకే రాత్రి ఇద్దఱు యువతులను గ్రిజ్లీ ఎలుగుబంట్లు చంపినవి. బహిష్టు వాసన కారణమేమోయని కొందఱు తలచిరి. కాని ఆ ప్రాంతపు ఎలుగులు మనుష్యుల చెత్తకును తిండికిని మరగియుండెను. 1991లో ప్రకటితమైన యొక పరిశోధనలో అమెరికా నల్ల ఎలుగుబంట్లు బహిష్టు వాసనను లెక్కచేయలేదని తేలినది. మన ఎలుగుజాతి వేఱైనను, చెత్తవిషయమున జాగ్రత్త యొక్కటే. వాడిన ప్యాడ్లను పాతక, వాగులో వేయక, రెండు సంచులలో బిగించి, రాత్రివేళ తిండిసంచులతోపాటు దూరముగ నుంచి, ఊరికి తెచ్చి పాఱవేయవలెను. ఈ యేర్పాటున్నచో ఆ దినముల పేరిట ఆడపిల్లను ఇంట నిలుపనక్కఱలేదు.

అటవీశాఖవారి యనుమతి లేనిచోట బస చేయరాదు. ఈ మన్యమున కొండరెడ్ల పల్లెలు గలవు. అనేక తావుల కొండవాగులే వారి మంచినీటి యాధారము. మనము ఒకపూట నీళ్లాడి పోవు వాగునకు దిగువను ఒక తల్లి బిందె ముంచుచుండవచ్చును. ఆ బిందెలోనికి మన సబ్బునురుగు పోకుండ చూచుట, మన యెంగిలికి మరగిన పంది ఆమె చేనిమీద పడకుండ చూచుట కూడ మన శుభ్రతలోనివే యని మఱువరాదు.