ఫార్మాట్ కొట్టించే ముందు లాగ్ చదవండి



లైనక్స్‌లో గేమ్ ఆడుతుంటే ఉన్నట్టుండి స్క్రీన్ నల్లగా అయిపోతుంది, మౌస్ కూడా కదలదు. అప్పుడు మనలో చాలామంది ఏం చేస్తున్నాం? రంపచోడవరం నుంచో మారేడుమిల్లి నుంచో బస్సెక్కి రాజమండ్రి వెళ్లి, షాపులో ఫార్మాట్ కొట్టిస్తున్నాం. ఛార్జీ పోతుంది, ఒక రోజు క్లాసు పోతుంది, దాచుకున్న నోట్సూ ప్రాజెక్టూ పోతాయి. జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. నేననేది ఒక్కటే: ఫార్మాట్ చివరి మందు, మొదటి మందు కాదు.

క్రాష్ అయ్యాక మళ్లీ ఆన్ చేసి, టెర్మినల్‌లో జర్నల్‌సీటీఎల్ కమాండుతో అంతకుముందు బూట్ తాలూకు కెర్నల్ లాగ్ చూడండి. ఎన్‌విడియా కార్డు అయితే ‘ఎక్స్‌ఐడీ’ పక్కన ఒక నంబరు ఉంటుంది. 79 ఉంటే కార్డు సిస్టమ్‌కి అందకుండా పోయిందని అర్థం. వేడి, కరెంటు సప్లై, కార్డు లోపం, వీటిని అనుమానించాలి. ముందు ఫ్యాన్‌లో దుమ్ము తీయించండి, పరుపు మీద పెట్టి ఆడకండి. మన గోదావరి ఎండలు తెలిసినవేగా! 13, 31 ఉంటే గేమ్‌దో డ్రైవర్‌దో తప్పు కావచ్చు. ఏఎండీలో ‘రింగ్ టైమౌట్’ అని వస్తే, ఇచ్చిన పనిని జీపీయూ టైముకి ముగించలేదన్నమాట.

అప్‌డేట్ తర్వాతే క్రాష్‌లు మొదలయ్యాయా? గ్రబ్ మెనూలో పాత కెర్నల్‌తో బూట్ చేసి చూడండి. అందులో బాగా ఆడితే, కొత్త కెర్నల్‌కీ డ్రైవర్‌కీ పొసగట్లేదని తేలినట్టే.

ఇంకో మాట. మనం కొనేవి ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌వే. ఎన్‌విడియా కెప్లర్ తరం కార్డులకు కంపెనీ డ్రైవర్ 470 సిరీస్‌తోనే ఆగిపోయింది. 2022 మేలో ఆ కంపెనీ కెర్నల్ మాడ్యూళ్ల సోర్సు బయటపెట్టినా, అవి ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డులకే పనికొస్తాయి. ఇంటెల్, ఏఎండీలకు కెర్నల్‌లోనూ మెసాలోనూ ఓపెన్ డ్రైవర్లున్నాయి, కాబట్టి కంపెనీ వదిలేసిన పాత కార్డును కూడా బయటివాళ్లు బాగుచేసుకోవచ్చు. డబ్బులు కట్టే ముందే ఇది చూసుకోండి.

‘గేమ్స్ కోసం ఇంత అవసరమా’ అంటారు. గేమ్ కోసమే మొదలుపెట్టినా, లాగ్ చదవడం రేపు సర్వర్ ఉద్యోగంలో రోజూ చేసే పనే. హార్డ్‌వేర్ పోతే షాపుకి వెళ్లాల్సిందే, కాదనను. కానీ ఏం అడగాలో తెలిసి వెళ్తాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, క్రాష్ అయితే కార్డు పేరు, డ్రైవర్ వెర్షన్, లాగ్ ఇక్కడ పెట్టండి. ఒకరికి దొరికిన జవాబు పదిమందికి బస్సు ఛార్జీ మిగులుస్తుంది.