అంపశయ్యకు తలగడ

గడచిన రెండు నెలలును ఈ పుట యేల కానరాలేదని సోదరీమణులు కొందఱు జాబులు వ్రాసిరి. మేము ఊర లేము. వేసవి సెలవులలో మా చెల్లెలును మఱిదియు టిక్కెట్లు కొని పంపగా, మేమును మా వారును బ్రిటనులోని వేల్సు దేశమునకు పోయి వచ్చితిమి. (బడిపంతులు జీతముతో విమానయానమా యని ముక్కున వ్రేలు వేసికొనువారి కొఱకు టిక్కెట్ల సంగతి ముందే చెప్పితిమి.) అచ్చట చూచిన వింతల నన్నిటిని ఏకరువు పెట్టబోము. ఒక కొండ యెక్కిన సంగతి మాత్రము చెప్పెదము.

మా చెల్లెలు అచ్చటి ఆసుపత్రిలో నర్సు. మేము పోయిన మూడవనాడే "అక్కా, వచ్చే శనివారము కొండ యెక్కవలెను. నీ పేరు కూడ ఇచ్చితిని" అనెను. "ఏ దేవుని కొండయే?" అని యడిగితిమి. దేవుడు లేడట, గుడియు లేదట. ఆ ప్రాంతపు హాస్పిసు ఒకదానికి ధనము కావలెనట. నడచువారు తమ బంధువులతోను ఇరుగుపొరుగువారితోను "మేము కొండ యెక్కెదము, మీకు తోచినది ఈయుడు" అని చెప్పుదురట. ఆ సొమ్ము హాస్పిసునకు చేరునట. మా కిది వింతగా తోచినది. ఈయదలచినవారు ఇంట కూర్చుండియే యీయవచ్చును గదా, నడుమ మా మోకాళ్లను నొప్పించుట దేనికి? మనవారును అలిపిరి మెట్లెక్కుదురు. కాని అచ్చట ఎవరి మ్రొక్కు వారిది.

హాస్పిసనగా నేమో చెప్పవలెను. వ్యాధి కుదురదని వైద్యులు తేల్చిన పిమ్మట, మిగిలిన దినములు బాధ లేకుండ గడచునట్లు రోగిని, రోగితోపాటు ఇంటివారిని కనిపెట్టి చూచుకొను ఏర్పాటది. నేటి పద్ధతికి దారి చూపినది 1967లో లండనునందు సిసిలీ సాండర్సు అను నామె తెఱచిన సెయింట్ క్రిస్టఫర్సు హాస్పిసు. ఆమె మొదట నర్సు. నడుము నొప్పిచే ఆ పని మానుకొని, రోగుల కుటుంబముల కష్టసుఖములు విచారించు నుద్యోగములో చేరెను. మరణించువారి బాధ నెవ్వరును పట్టించుకొనుట లేదని చూచి, తానే వైద్యము చదివి, నలువది యేండ్లు కావచ్చు వయస్సున, 1957లో డాక్టరయ్యెను. నొప్పి వచ్చి రోగి కేక వేసిన తరువాత మందిచ్చుట కాదు, వేళ తప్పక ముందే యిచ్చి నొప్పిని దరి చేరనీయరాదన్నది ఆమె పట్టు. 1948లో ఆమె పలుకరించుచుండిన పోలెండు శరణార్థి యొకడు చనిపోవుచు 500 పౌండ్లు ఆమెకు వదలి, ఆమె కట్టబోవు ఇంటిలో తానొక కిటికీ కావలెనని కోరెను. ఆ యిల్లు లేచుటకు మఱి పందొమ్మిది యేండ్లు పట్టినది. ఇప్పటికిని ఆ దేశపు హాస్పిసులు రోగియొద్ద పైకము పుచ్చుకొనవు. పెద్దలను చూచు హాస్పిసులకు సర్కారిచ్చునది సగటున మూడింట నొక వంతు మాత్రమే. తక్కినదానిలో చాలభాగము విరాళములవలనను, ఇట్టి నడకలవలనను సమకూరవలసినదే.

చెల్లెలు ఇదంతయు చెప్పుచుండగా మాకు మా అత్తగారు జ్ఞప్తికి వచ్చిరి. 2013లో ఆమెకు గర్భకోశమున క్యాన్సరు. "ఇక మేము చేయగలిగినది లేదు, ఇంటికి తీసికొనిపొండు" అని ఆసుపత్రివారు కాగితము చేతిలో పెట్టిరి. ఆ తరువాత పదునొకండు వారములు. మార్ఫిను మాత్రల కొఱకు మా వారు మూడు పట్టణములలో మందుల దుకాణములు తిరిగిరి, దొరకలేదు. "తలగడ సరిగా పెట్టవే అమ్మాయీ" అని అత్తగారు గడియకొకసారి యనెడివారు. ఎట్లు పెట్టినను సరిపడకుండెడిది. భారతము వినవలెనన్న కోరిక మాత్రము ఆమెకు చావలేదు. ఒక రాత్రి భీష్మపర్వము చదువుచుంటిమి. అంపశయ్యపై పితామహుడు తల వ్రేలుచుండగా తలగడ యడుగును. రాజులు మెత్తని తలగడలు తెత్తురు. ఆయన వలదని యర్జునుని చూచును. అర్జునుడు మూడు బాణములతో తల నిలుపును. దుర్యోధనుడు పిలిపించిన శస్త్రవైద్యులను తాత సత్కరించి పంపివేయును. మఱునాడు దాహమనగా, మరల అర్జునుడే భూమిని చీల్చి నీరు రప్పించును. అత్తగారు కన్నులు మూసికొని వినుచు, "వైద్యులు మరలిపోయిన పిమ్మట గూడ దప్పిక యుండును గదే" అనిరి. మేము పుస్తకము మూసివేసితిమి.

కావున శనివారము ఉదయము మోకాళ్ల మాట యెత్తలేదు.

ఆ కొండను స్నోడనందురు. వేల్సు భాషలో అర్ విద్వా. అచ్చటి జాతీయవన పాలకులు 2022 మొదలు ఈ పేరే వాడుటకు నిశ్చయించిరి. సమాధి దిబ్బ యని దాని యర్థము. రాజుల గడ్డములు కోసి అంగీ కుట్టించుకొన్న రిటా యను రాక్షసుని ఆర్థరు రాజు చంపి యచ్చట పాతిపెట్టెనని కథ. రాజులను పట్టి చెఱబెట్టిన మన జరాసంధుని తమ్ముడే గాబోలు. ఎత్తు 1085 మీటర్లు. మన హిమవంతుని ముందు పుట్ట యనకుడు. 1953లో ఎవరెస్టు జయించిన బృందమువారు ఈ కొండలలోనే సాధన చేసిరి.

చీర పనికిరాదనిరి. చెల్లెలి పంట్లాము తొడిగికొని వాకిటికి రాగా మా వారు మర్యాదగా కొండవైపు చూచుచు నిలుచుండిరి. త్రోవ చూపువారు ఇద్దఱు. పెద్దామెకు ఏబది యేండ్లుండును. ఒక్కొక్కరి జోళ్ల యడుగులు తిరగవేసి చూచి, ఒకనిని తిప్పి పంపివేసెను. ఆమె నియమములు రెండు: చెమట పట్టకమునుపే పైయంగీ విప్పవలెను, అందఱిలో మెల్లగా నడచువారు ముందు నడువవలెను. ఆ విధముగా మేము ముందు నడిచితిమి. ఎవరి కొఱకు నడచుచున్నారో వారి పేరు వీపున గుడ్డపై వ్రాసి కట్టుకొనవలెనట. అత్తగారి పేరు పలుకు అలవాటు మాకు లేదు. "అత్తయ్య" అని తెలుగున వ్రాసితిమి. అది చదువగలవారు అచ్చట మువ్వురమే.

లాన్‌బెరిస్ అను నూరినుండి పోవు దారి అన్నిటికంటె పొడవు, అన్నిటికంటె సుకరము. రాకపోకలు 14 కిలోమీటర్లకు పైమాటే. ప్రక్కనే 1896లో వేసిన పట్టాలపై చిన్న రైలు పోవుచుండును. దానిలోనివారు కాఫీ త్రాగుచు మాకు చేతు లూపిరి. సగము దారి దాటిన పిమ్మట వచ్చు నిట్రమునందు ఒకామె మోకాలు పట్టి కూలబడెను. మాకు మహాప్రస్థానము స్ఫురించినది. ద్రౌపది పడినను, తమ్ములు పడినను ధర్మరాజు వెనుదిరిగి చూడడు గదా. ఇచ్చట ధర్మ మింకొకటి. రెండవ మార్గదర్శి తన మూట విప్పి ఆమెకు ఉన్నికంబళి కప్పి, ఆమెతో క్రిందికి దిగిపోయెను. ధర్మరాజు చేసినది తప్పని మేమనము. కాని ఆ పర్వము చదివినప్పుడెల్ల మాకు ద్రౌపదిమీదనే దృష్టి నిలుచును.

మా వెంట డెబ్బది దాటిన వృద్ధుడొకడు నడిచెను. భార్య ఆ హాస్పిసులోనే పోయినదట. కొండ కనబడునట్లు ఆమె మంచమును కిటికీ వైపు త్రిప్పిరట. ఏబది యేండ్లు ఆ కొండ క్రింద కాపురముండియు ఇరువురును ఎన్నడు ఎక్కలేదని చెప్పి, కొంతదూరము మాటలాడకుండ నడిచెను. ఇంట కూర్చుండి పైకము పంపియున్న యెడల ఈ ముసలివాడు మాకు తారసపడునా? మోకాళ్ల ప్రశ్నకు సమాధానము దొరకినది.

శిఖరమున ఐర్లండు కనబడునని చెప్పిరి. మాకు మంచులో చెల్లెలి జడ మాత్రము కనబడినది.

మన దేశమున నేమున్నదని సోదరీమణు లడుగవచ్చును. మొదటి హాస్పిసు 1986లో బొంబాయిలో శాంతి అవేదన వారిది. 1993లో కాలికట్టున ఆరంభమైన సంఘము మందును సేవను ఇండ్లకే చేర్చు పద్ధతిని కేరళమున వ్యాపింపజేసినది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టముచే మార్ఫిను రోగులకు దుర్లభమయ్యెను. 2014లో దానిని సవరించిరి. మా అత్తగారు పోయిన మఱుసటి యేడు! హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఉపశమన చికిత్సకు వేఱుగ విభాగమే యున్నది.

ఊరు చేరిన వారమునకే మా వీథి చివరి తెలుగు పంతులుగారి తల్లిగారి మూలుగు వినబడినది. అదే వ్యాధి, అదే కాగితము. మా వారును పంతులుగారును ఆమెను హైదరాబాదునకు తీసికొనిపోయిరి. మార్ఫిను నాలుగేసి గంటలకు వేళ తప్పక ఈయుడనియు, అది మలబద్ధకము చేయును గనుక దాని మందును తోడుగా ఈయుడనియు చెప్పి పంపిరి. మత్తు కలవాటుపడునని పంతులుగారి భార్య జంకినది. వైద్యులు చెప్పిన మోతాదున నొప్పికి పుచ్చుకొన్నంతమాత్రాన మత్తున కలవాటుపడుట అరుదని ఆమెకు నచ్చజెప్పుట మా వంతైనది. గోడకు వేళల పట్టిక అంటించి, రాత్రి రెండు గంటలది మేము చూచుకొనెదమంటిమి.

నిన్న పలుకరింప బోయితిమి. వారి ప్రక్క కిటికీ తెఱచియున్నది. తలగడ సరిచేయబోగా వలదని చేయి యడ్డము పెట్టి, మేము మొన్న పంపిన మాగాయలో ఉప్పు తగ్గినదని మా మొగముననే చెప్పిరి.