సుగ్గికి పోయే నెలలో ఆగమనకాలం



మంత్రిగారు ఊరికి వస్తున్నారంటే ఏం జరుగుతుందో మనకు తెలుసు. రాత్రికి రాత్రి గుంతల్లో గరుసు పడుతుంది. రోడ్డుకు రెండు పక్కలా బ్లీచింగ్ పౌడరు గీతలు తేలుతాయి. కంపచెట్లు కొట్టేస్తారు. ఏళ్ల తరబడి అర్జీలు పెట్టినా కదలని పని ఒక్క రాకతో కదులుతుంది. యెషయా ప్రవక్త చెప్పింది ఇలాంటి పనే. ఎడారిలో ప్రభువుకు బాట వేయమన్నాడు. పల్లాలు పూడ్చమన్నాడు. మెట్టలు చదును చేయమన్నాడు. రాళ్లు ఏరితే తప్ప గుంటక దిగని చేలు మనవి. ఆ మాటను మనకు విప్పి చెప్పడానికి పండితుడు అక్కరలేదు.

ఒక్క తేడా ఉంది. మంత్రిగారు వెళ్లిన మూడో నాటికి గరుసు లేచిపోతుంది. ప్రభువుకు వేసిన బాట అలా లేచిపోకూడదు. ఆయన వచ్చాక దాని మీద బీదవాడు నడవాలి.

ఆగమనకాలం వచ్చింది. నవంబరు 30కి దగ్గరి ఆదివారంతో మొదలవుతుంది. క్రిస్మస్‌లోపు నాలుగు ఆదివారాలు. బలిపీఠం మీదికి ఊదారంగు వస్త్రం వస్తుంది. వారానికొక కొవ్వొత్తి వెలుగుతుంది. మొదటి ఆదివారం చదివే వాక్యంలో పశువుల తొట్టె ఉండదు, గొల్లలు ఉండరు. మెలకువగా ఉండండి, యజమాని ఏ జామున వస్తాడో తెలియదు అన్న హెచ్చరిక ఉంటుంది. మెలకువ అంటే ఏమిటో రాజంపేట ప్రాంతం వాళ్లను అడగండి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య జలాశయం కట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి ఇళ్లలోకి నీళ్లు దూకాయి. అప్పటికి ఆగమనకాలపు మొదటి ఆదివారానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. అలాంటి వేళ ముందుగా మేలుకున్నవాడి మొదటి ధర్మం పక్కింటి తలుపు తట్టడం. సంఘానికీ అదే ధర్మం.

మరి మనం తట్టవలసిన తలుపు ఏది?

మనం రాకడ కోసం కనిపెట్టే ఈ నెలలోనే మన కర్నూలు పడమటి మండలాల్లో పోకడ మొదలవుతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం పల్లెల నుంచి జనం సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోతారు. గుంటూరు, పల్నాడు మిరప చేలకు కొందరు. పత్తి ఏరడానికి తెలంగాణకు కొందరు. బేల్దారి పనికి బెంగళూరుకు కొందరు. లారీలో బియ్యం మూట, సత్తుగిన్నెలు, టార్పాలిన్ పట్ట, చంటిబిడ్డ. తుంగభద్ర పక్కనే పారుతున్నా చేనుకు తడి లేదు. చేసిన అప్పు ఊళ్లో ఉండనివ్వదు.

ఆ వైపు ఒక పల్లెలో, ఒక ఏడు డిసెంబరు మొదటి వారంలో, ఒక ఇంటి ముందు నిలబడ్డాను. తలుపుకు తాళం. తాళానికి అడ్డంగా తుమ్మకంప. చూరుకు నిరుటి కాగితపు నక్షత్రం, రెండు కొసలు చిరిగి, గాలికి తిరుగుతోంది. పక్కింటి అరుగు మీద ఒక అవ్వ జొన్నలు చెరుగుతోంది. తాళం పడిన ఇంటి పిల్లోడు ఆమె దగ్గరే ఉన్నాడు. "వాళ్లు ఎప్పుడొస్తారవ్వా?" అంటే "ఉగాదికి" అంది. "మరి పండక్కి?" అన్నాను. ఆమె చాట దించలేదు. "ఆడ పండగేంది నాయనా, ఆదివారం గూడా కోతే" అంది.

యోసేపు మరియమ్మలు ఎవరు? నజరేతు నుంచి బేత్లెహేముకు మూటాముల్లెతో బయలుదేరినవారు. జనసంఖ్య రాయించుకోమని సర్కారు చాటిస్తే, నిండు చూలాలిని వెంటబెట్టుకొని దారి పట్టినవారు. దిగడానికి సత్రంలో చోటు దొరకనివారు. చేని గట్టున పట్ట కింద పడుకునే మన సుగ్గి కుటుంబాన్ని చూసినవాడు ఆ రాత్రిని చూసినట్టే. లెక్క అంటే గుర్తుకొచ్చింది. 1876-78 ధాత కరువు మన సీమను ఊడ్చింది. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం కనబడకుండా పోయారు. ఆ లెక్కలో మిగిలినవారి మనవలం, మునిమనవలం మనం. ఆకలిని కథగా వినే హక్కు మనకు లేదు.

మన పెద్దలు ఈ ఎండిన నేల మీద ఊరికే ప్రార్థించి ఊరుకోలేదు. లండన్ మిషను వారు 1822లో కడపకు వచ్చారు. తర్వాత జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆసుపత్రి లేచింది. గుడి పక్కన బడి లేచింది. ప్రార్థన అయ్యాక పని ఉండేది. ఇప్పుడు ప్రార్థన అయ్యాక కేకు ఉంటోంది. డిసెంబరు ఒకటో తేదీ నుంచే సెమీ క్రిస్మస్ అంటున్నాం. వేదిక, శాలువాలు, సౌండు బాక్సులు, ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యం. కనిపెట్టవలసిన కాలాన్ని పండగ మింగేస్తోంది. సంతోషం తప్పని నేననను. ఆకలి వేయకముందే విస్తరి ఎత్తేస్తున్నామని అంటున్నాను.

బాప్తిస్మమిచ్చే యోహానును జనం అడిగారు. మేమేం చేయాలి అన్నారు. ఆయన చెప్పిన జవాబు చూడండి. అందులో ఉపవాసం లేదు, రాత్రి జాగరణ లేదు. రెండు అంగీలున్నవాడు ఒకటి లేనివాడికివ్వాలి. తిండి ఉన్నవాడూ అలాగే చేయాలి. సుంకం వసూలు చేసేవాడు నిర్ణయించినదాని కంటే ఎక్కువ గుంజకూడదు. సిపాయి ఎవరినీ బెదిరించకూడదు, తన జీతంతో తృప్తిపడాలి. బట్ట, తిండి, డబ్బు, అధికారం. ఆత్మీయ సిద్ధపాటు అంటే ఆ ప్రవక్తకు ఇవే.

ఈ మాట మన మధ్య ఉన్న మేస్త్రీలకు వర్తిస్తుంది. అడ్వాన్సు ఇచ్చి కూలీలను లారీ ఎక్కించేవారిలో మన సంఘ సభ్యులూ ఉన్నారు. కూలి లెక్క సరిగా రాయండి. కమీషను ఎంతో ముందే చెప్పండి. జ్వరమొచ్చిన రోజును అప్పులో కలపకండి. అది చేయకుండా నక్షత్రం కట్టడం దండగ.

ఉపాధ్యాయులారా, వలస పోయే కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి. తల్లి లారీ ఎక్కకముందే ఆ బిడ్డ పేరు అక్కడ రాయించండి. మిరప చేనిలో పదేళ్ల పిల్లకూ పని దొరుకుతుంది. బడిలో పోయిన ఏడాది మళ్లీ దొరకదు.

యవ్వనస్థులారా, క్యారల్స్‌కు బయలుదేరినప్పుడు గేటున్న ఇళ్లకు ముందు, కంప అడ్డం పెట్టిన వీధికి వెళ్లండి. తాళమున్న ఇంటి ముందు కూడా ఆగి పాడండి. పక్కింటి అవ్వ వింటుంది. ఆమె దగ్గర కానుక అడగకండి. దుప్పటి ఇవ్వండి. స్త్రీల మైత్రి అక్కలారా, పండగ నాడు మీరు చేసే ఓళిగలు ఆమె అరుగు దాకా వెళ్లాలి. వెళ్లి ఇచ్చి రావడం చాలదు, కూర్చొని తినండి.

గుంటూరు, పల్నాడు సంఘాల పెద్దలారా, మీకూ ఒక మనవి. మీ చేల గట్ల మీద పట్టలు వేసుకున్నవారు మా బిడ్డలు. మీ ఆరాధనకు వాళ్లను పిలవండి. చివరి వరుసలో కాదు, మీ పక్కన కూర్చోబెట్టండి. క్రిస్మస్ నాడు కూలి తెగకుండా సెలవు ఇప్పించండి. మీలో రైతులున్నారు, అది మీ చేతిలో పని.

పాస్టరు గార్లారా, విచారణ గురువులారా, మొదటి ఆదివారం ఆరాధన ముగిశాక జనాన్ని వెంటనే పంపివేయకండి. ఒక నోటుపుస్తకం తెరవండి. మన సంఘంలో ఎన్ని ఇళ్లకు తాళం పడింది? ఎందరు ముసలివాళ్లు ఒంటరిగా ఉన్నారు? ఎందరు పిల్లలు బడి మానారు? ప్రతి పేరు రాయండి. ప్రతి పేరు పక్కన, ఆ ఇంటికి వెళ్లే మనిషి పేరు రాయండి. ఆదివారం వచ్చేటప్పుడు మీ వీధిలో తాళం పడిన ఇళ్లు లెక్కపెట్టుకొని రండి.